హెరాన్స్ ఓటమికి కారణం సుగుణ

హెరాన్స్ వరుసగా మూడో గేమ్ ఓడిపోయిన మర్నాడు, ఆదివారం మధ్యాహ్నం, సుగుణ ఇంట్లో భోజనాల దగ్గర ఆ ఓటమికి కారణమెవరో తేలిపోయింది. సుగుణే.

తేల్చినవాళ్ళు అల్లాటప్పా మనుషులు కారు. ఒకరు ఈ కెనడాలోనే, హామిల్టన్ ఆసుపత్రిలో ముప్ఫై ఏళ్ళు మత్తుమందిచ్చి రిటైరైన డాక్టర్ రామమోహనరావు గారు. రెండో ఆయన ఓక్‌విల్ కార్ల ఫ్యాక్టరీలో క్వాలిటీ చూసిన సుబ్బరాజు. మూడో ఆయన సుగుణ భర్త జనార్ధనరావు. విరిగిన ఇనుపముక్క ఎందుకు విరిగిందో మైక్రోస్కోపు కింద పెట్టి చూస్తే తప్ప రిపోర్టు మీద సంతకం పెట్టని మెటలర్జిస్టు. ఇన్ని చదువులు ఒకే బల్ల చుట్టూ చేరి, గుత్తివంకాయ రెండోసారి వడ్డించుకుని మరీ ఆ మాట తేల్చాయి. ఆ వంకాయ వండింది ఎవరన్నది అప్పటికి ఎవరికీ గుర్తున్నట్టు లేదు.

హెరాన్స్ అంటే యూనివర్సిటీ ఫుట్‌బాల్ టీమ్. కాలితో తన్నుకునే ఆట కాదు. నెత్తికి హెల్మెట్లు, భుజాలకి దిండ్లు కట్టుకుని, కోలగా ఉండే బంతిని చంకన పెట్టుకుని పరిగెత్తే ఆట. కూతురు వర్ష అక్కడ చదివిన నాలుగేళ్ళూ తల్లిదండ్రుల్ని గేములకి లాక్కెళ్ళింది. వర్ష ఉద్యోగానికి వాంకూవర్ వెళ్ళిపోయింది, అలవాటు మాత్రం హామిల్టన్‌లోనే ఉండిపోయింది. ప్రతి శనివారం మైదానం నడిమి గీతకి ఎదురుగా, పదకొండో వరుసలో నాలుగు సీట్లు. వాటిలో చివరి సీటు సుగుణది. సుబ్బరాజు భార్య అన్నపూర్ణకి చలి పడదు, ఆట అసలే పడదు.

"చెల్లెమ్మా, తప్పుగా అనుకోవద్దండి," అని సుబ్బరాజు పప్పులో నెయ్యి కలుపుకుంటూ మొదలుపెట్టాడు. "పోయినేడు మీరు మోకాలి ఆపరేషనని ఒక్క గేముకీ రాలేదు. ఎనిమిదింట్లో ఆరు కొట్టారండి మనోళ్ళు. ఈ యేడు మూడిటికీ వచ్చారు. మూడూ పోయాయండి. నేనేం అనట్లేదు, జరిగింది చెబుతున్నానంతే."

"శాంపిల్ చిన్నదే," అన్నారు డాక్టరు గారు, రోగి బంధువులకి చెప్పే గొంతుతో. "కానీ కోరిలేషన్ స్ట్రాంగ్‌గానే ఉంది సుగుణ గారూ."

సుగుణ గరిటె గిన్నెలో పెట్టింది. "పోయినేడు బంతి విసిరి గెలిపించిన క్వార్టర్‌బ్యాక్ డిగ్రీ పుచ్చుకుని వెళ్ళిపోయాడు. అతనికేమన్నా కోరిలేషన్ చూశారా డాక్టరు గారూ? బంతి విసిరేవాడికి ఎడమవైపు కాపలా కాస్తున్నది ఫస్టియర్ కుర్రాడు. అవతలివాళ్ళందరూ అటునుంచే వచ్చి పడుతున్నారు. మూడు గేముల్లో పద్నాలుగుసార్లు పడేశారు. అందులో నేను పడేసినవి ఎన్ని?"

"అవన్నీ పైకి కనపడేవండి," అన్నాడు సుబ్బరాజు.

"ఊరుకో సుగుణా," అంది అన్నపూర్ణ. "క్రికెట్ రోజుల్లో ఈయన నన్ను రెండు గంటలు ఫ్రిజ్ పక్కన నిలబెట్టాడు. నేను కదిలితే వికెట్టు పడుతుందట. తీరా ఓడిపోయాక, నువ్వు ఎడంకాలి మీద బరువేశావు, అన్నాడు."

"వేశావు మరి," అన్నాడు సుబ్బరాజు. అతను నవ్వడం లేదు.

నవ్వకపోవడానికి కారణం ఉంది. సీజను మొత్తం ఎనిమిదే గేములు. నాలుగోది కూడా పోతే ప్లేఆఫ్ మాట మరిచిపోవచ్చు. వచ్చే శనివారం ఆట పక్క ఊరివాళ్ళతో. వాళ్ళ చేతిలో ఓడిపోతే ఏడాదంతా వాళ్ళ బంపర్ స్టిక్కర్లు చూస్తూ హైవే మీద డ్రైవ్ చేయాలి. ఆ బాధ సుగుణకీ ఉంది. నిన్న నలభై ఒకటికి ఆరుతో ఓడినప్పుడు పార్కింగ్ లాట్ దాకా ఒక్క మాట మాట్లాడనిది ఆవిడే.

ఆవిడ భర్త వైపు చూసింది. ఒక్క మాట చాలు. 'ఏమిటండీ ఈ పిచ్చి' అని ఆయన నోటినుంచి వస్తే అక్కడితో అయిపోతుంది.

జనార్ధనరావు మజ్జిగ గ్లాసులోకి చూస్తూ, "ఒక్క వారం చూద్దాం సుగుణా. నీ మోకాలికీ రెస్ట్ దొరుకుతుంది," అన్నాడు.

మోకాలు నిక్షేపంగా ఉంది. దాని మీదే రోజూ మెట్లెక్కి ఆయన చొక్కాలు మడతపెడుతోంది. ముప్ఫై నాలుగేళ్ళ కాపురంలో ఈయన ఉప్పు ఎక్కువైందన్నాడు, ఫోను బిల్లు ఎక్కువైందన్నాడు, అవన్నీ భరించింది. ఇరవై రెండేళ్ళ కుర్రాళ్ళు ఎనభై మంది, ఆరుగురు కోచ్‌లు, ఒక డైటీషియన్ కలిసి పోగొట్టుకున్న గేముని తీసుకొచ్చి తన ఒళ్ళో పెడితే, ఈయన మజ్జిగ తాగుతున్నాడు. విరిగిన బోల్టుకి చూపించిన న్యాయం పెళ్ళానికి చూపించలేకపోయాడు.

"సరే," అంది. "శనివారం మీ పక్కన కూర్చోను."

ముగ్గురి మొహాలూ తేటపడ్డాయి. డాక్టరు గారు పెరుగు వేసుకున్నారు.

పక్కన కూర్చోనంది గానీ, ఇంట్లో కూర్చుంటానని సుగుణ అనలేదు. బుధవారం ఆన్‌లైన్‌లో టికెట్ కొనుక్కుంది, మైదానానికి అవతలి వైపు, పక్క ఊరి అభిమానులు కూర్చునే స్టాండులో. శనివారం జనార్ధనరావు సుబ్బరాజు కారెక్కి వెళ్ళాక తన కారు తీసింది.

చుట్టూ అందరూ ఆకుపచ్చ జెర్సీలు. మధ్యలో హెరాన్స్ నీలంరంగు స్వెట్టరుతో తనొక్కతి. పక్కసీటు తెల్లావిడ థర్మాస్ మూత తిప్పుతూ, పొరపాటున ఇటు వచ్చినట్టున్నారే అని ఇంగ్లీషులో పలకరించింది.

"లేదు, నన్నిటు పంపేశారు," అంది సుగుణ. ఎందుకో చెప్పింది. ఆవిడ కాసేపు ఆలోచించి, మా ఆయన ప్లేఆఫ్ అయ్యేదాకా గడ్డం గీయడు అని చెప్పి, కాఫీ పోసిచ్చింది.

ఎదురుగా, మైదానం అవతల, పదకొండో వరుసలో ముగ్గురూ కనిపిస్తున్నారు. నాలుగో సీట్లో ముగ్గురి కోట్లూ పెట్టుకున్నారు. రెండో క్వార్టర్లో జనార్ధనరావు బైనాక్యులర్స్ ఎత్తి ఇటు చూశాడు. చాలాసేపు దించలేదు. సుగుణ కాఫీ తాగింది.

హెరాన్స్ కోచ్‌కి ఎట్టకేలకు బుద్ధి వచ్చి, ఎడమవైపు ఫస్టియర్ కుర్రాణ్ణి కూర్చోబెట్టి ఫైనలియర్ వాణ్ణి దించాడు. బంతి విసిరేవాడికి ఈసారి తల ఎత్తి చూసే తీరిక దొరికింది. ఆట చివరికొచ్చేసరికి స్కోరు పదిహేడు, పదిహేడు. ఆరు సెకన్లు మిగిలాయి. హెరాన్స్ తరఫున కిక్కర్ వచ్చాడు. ముప్ఫై ఎనిమిది గజాలు. రెండు స్తంభాల మధ్యనుంచి తన్నితే గెలుపు.

అప్పుడు తట్టింది సుగుణకి. గెలిస్తే వాళ్ళ మాటే నిజమవుతుంది. సీజనంతా ఈ అవతలి స్టాండే తనకి గతి. బంతి తప్పి, ఆ పైన ఓడిపోతే తన సీటు తనకొస్తుంది. ఆ ఆలోచన వచ్చినందుకు తన మీద తనకే ఒళ్ళు మండింది. అలాంటి ఆలోచన తెప్పించిన ముగ్గురి మీద అంతకు మూడింతలు మండింది. వాళ్ళు తీసుకున్నది సీటు ఒక్కటే కాదు. తన టీమ్ గెలవాలని కోరుకునే హాయి కూడా తీసేసుకున్నారు.

'తన్ను నాయనా,' అనుకుంది. 'నా సంగతి నేను చూసుకుంటాను.'

కుర్రాడు తన్నాడు. బంతి ఎడమ స్తంభానికి బారెడు దూరంలోంచి పోయింది. తప్పింది.

ఆకుపచ్చ స్టాండు ఊపిరి తీసుకుంది. ఎదురుగా పదకొండో వరుసలో ముగ్గురూ తలలు పట్టుకున్నారు. ఆదివారాలు టీవీలో అమెరికా ఆట చూసి చూసి, కెనడా ఆటలో తేడా ఉందన్న సంగతి వాళ్ళ బుర్రకెక్కలేదు. ఇక్కడ కిక్కు తప్పినా సరే, బంతి స్తంభాల వెనకున్న జాగాలోంచి బయటికి దొర్లిపోతే, తన్నినవాళ్ళకి ఒక పాయింటు. అవతలి కుర్రాడు బంతి మీదికి దూకాడు. వేళ్ళకి తగిలి జారింది. దొర్లుకుంటూ వెనక గీత దాటింది.

సుగుణ ఆపరేషనైన మోకాలి మీదే లేచి నిలబడి, రెండు చేతులూ పైకెత్తి అరిచింది. నీరుగారిపోయిన ఆ ఆకుపచ్చ స్టాండులో అరిచింది ఆవిడొక్కతే. తర్వాత స్కోరుబోర్డు మీద పద్దెనిమిది వెలిగింది.

పార్కింగ్ లాట్‌లో ముగ్గురూ ఎదురొచ్చారు. సుబ్బరాజు రెండు చేతులూ జోడించాడు. "దండం చెల్లెమ్మా. చూశారా, వర్కవుటయ్యింది. ఇంక సీజనంతా మీరు ఆ పక్కేనండి. నవంబర్ దాకా ఓపిక పట్టండి."

"అటువైపు సీటు నెంబరు కూడా మార్చకండి," అన్నారు డాక్టరు గారు.

సుగుణ కారు తాళం తీసింది. జనార్ధనరావు సుబ్బరాజు కారు వైపు వెళ్ళలేదు. వచ్చి పక్కసీట్లో కూర్చుని బెల్టు పెట్టుకున్నాడు.

రెండు సిగ్నళ్ళు దాటాక అన్నాడు, "ఆ పాయింటు వస్తుందని మాకెవరికీ తెలీదు. నువ్వు లేచి అరిస్తే చూసి తెలుసుకున్నాను."

"ఊఁ."

"ఆదివారం నేను ఆ మాట అనకుండా ఉండాల్సింది."

"అవును."

ఆవిడ ఇండికేటర్ వేసి కారు తిప్పింది. ఎక్స్‌ప్రెస్‌వే ఎక్కాక మళ్ళీ ఆయనే అడిగాడు. "వచ్చే శనివారం ఎక్కడ కూర్చుంటావు?"

"నా సీట్లో. మీ కోట్లు మీ ఒళ్ళో పెట్టుకోండి."

"సుబ్బరాజు ఊరుకోడు. నువ్వు ఇటొచ్చాక ఓడిపోతే?"

"ఓడిపోతే ఓడిపోతారు," అని సుగుణ పక్క లేన్‌లోకి మారింది. "ఎవరివల్ల ఓడిపోయారో అడగండి, వరసపెట్టి పేర్లు చెబుతాను. ఊరుకోలేని ఆయన్ని అవతలి స్టాండులో కూర్చోమనండి. కాఫీ బాగుంటుంది."