ధూళిలో నేను ఊదిన గాలి

నేను ఒక ఆవిరి మిషనును. డాక్టర్లు నెబ్యులైజర్ అంటారు. ఉబ్బసం మనుషులు ముక్కుకూ నోటికీ మాస్కు తగిలించుకుని నా మీట నొక్కితే, చిన్న గిన్నెలో పోసిన మందును పొగమంచులా చేసి లోపలికి పంపిస్తాను. నాకు తెలిసిన విద్య అదొక్కటే. చూడ్డానికి అందంగా ఉండను, నిశ్శబ్దంగా అసలే ఉండను. మోటారు తిరిగితే పక్కగదిలో పడుకున్నవాళ్ళు కూడా లేచి కూర్చుంటారు.

ఎక్కడో ఒక ఫ్యాక్టరీలో నన్ను బిగించి, పరీక్షించి, అట్టపెట్టెలో సర్ది ఓడెక్కించారు. కువైట్‌లో దిగాను. అక్కడ ఒక పెద్దింటివాళ్ళు తమ ముసలాయన కోసం నన్ను కొన్నారు. ఆ ఇంట్లో వంటమనిషి రెడ్డెమ్మ. రాయచోటి దగ్గర పల్లెటూరు. ముసలాయనకు రెండు పూటలా మాస్కు పెట్టేది ఆమే. ఆయనకు ఎగశ్వాస వస్తే ఇల్లంతా పరుగులు పెట్టేది. బ్లీచింగు నీళ్ళతో బాత్రూములు కడిగీ కడిగీ రెడ్డెమ్మకూ పిల్లికూతలు పట్టుకున్నాయి. ఆమె మాత్రం వంటింటి తలుపు వేసుకుని దగ్గేది. జబ్బు మనిషని తెలిస్తే పంపించేస్తారని భయం. నా మోత మధ్య ఆమె దగ్గు ఎవరికీ వినిపించలేదు.

ముసలాయన పోయాక ఆయన మంచం, చేతికర్ర, నేను, రెడ్డెమ్మ అందరం ఒకేసారి ఆ ఇంటికి అక్కర్లేకుండా పోయాం. అల్మారా ఖాళీ చేస్తూ ఆ ఇంటి మేడమ్ నన్ను ఆమె చేతిలో పెట్టింది. అన్నేళ్ళలో ఆ ఇల్లు ఆమెకు చేసిన పెద్ద మేలు అదేనని మేడమ్‌కు తెలియదు.

రెడ్డెమ్మ నగరం అంచున ఒక పాత భవనంలో నాలుగో అంతస్తు గదికి చేరింది. గదిలో ఇంకో మనిషి ఖైరున్. పీలేరు పిల్ల, దర్జీ దుకాణంలో పని. రెడ్డెమ్మ నాలుగిళ్ళలో పాచిపని చేసుకునేది. ఆ దేశంలో ఉండడానికి ఇచ్చిన కార్డు గడువు ఎప్పుడో తీరిపోయింది. పోలీసు బండి కనబడితే చాలు, సందులోకి తప్పుకునేది. కడపలో నర్సింగు చదివే కూతురు ఒక్కతే ఆమె లోకం.

వేసవి మొదట్లో ఒక మధ్యాహ్నం వెలుతురు మారింది. గోడ మీది ఎండ పసుపైంది, ఆపైన ఇటుక రంగుకు తిరిగింది. చూస్తుండగానే ఎదుటి భవనం మాయమైంది. కింద రోడ్డు మీద కార్లు ఎక్కడివక్కడ నిలబడి హారన్లు కొడుతున్నాయి. ఖైరున్ కిటికీ సందుల్లో తడిగుడ్డలు కుక్కింది, తలుపు కింద దుప్పటి దూర్చింది. అయినా ధూళి వచ్చింది. ఎటునుంచి వచ్చిందో తెలియదు, నీళ్ళ క్యాను మీద, పరుపు మీద, రెడ్డెమ్మ కనురెప్పల మీద పలచగా పరుచుకుంది.

ఆమెకు ఊపిరి అందడం మానేసింది. ఖైరున్ గబగబా మాస్కు కట్టి, మిగిలిన మందంతా గిన్నెలో పోసింది. కాసేపు నా విద్య పనిచేసింది. ఆమె భుజాలు కిందికి దిగాయి. అంతలో గిన్నె ఎండిపోయింది, భుజాలు మళ్ళీ పైకి లేచాయి.

అంబులెన్సు పిలుస్తానంది ఖైరున్. రెడ్డెమ్మ మాస్కు పక్కకు జరిపి, ఒక్కో మాటకూ ఆగుతూ చెప్పింది.

"వొద్దు ఖైరూ. కార్డు అడుగుతారు. పాప చదువు... ఇంకా ఏడాదుండాది."

ఖైరున్ చున్నీ ముఖానికి చుట్టుకుని మందుల షాపుకు బయల్దేరింది.

ఆమె వెళ్ళిన కాసేపటికి రెడ్డెమ్మ ఫోను మోగింది. కూతురు. రెడ్డెమ్మ ఫోను వంక చూసింది, నా వంక చూసింది. చెయ్యి చాపి నన్ను ఆపేసింది. నా చప్పుడు ఆ పిల్ల వినకూడదు. నోరున్న యంత్రాన్నయితే అరిచి చెప్పేవాణ్ణి.

టీవీలో ధూళి చూపిస్తున్నారు, ఎట్లుండావని అడిగింది కూతురు.

"బాగుండా పాపా," అంది రెడ్డెమ్మ. ఊపిరి కూడదీసుకుంది. "ఈడేం లేదు. నిద్రపోతాంటి. మళ్ళ చేస్తా."

ఫోను పెట్టేశాక ఆమె మంచం పట్టె పట్టుకుని ముందుకు వంగిపోయింది. తడుముకుంటూ నా మీట నొక్కింది. గిన్నెలో మందు లేదని గుర్తొచ్చినట్టుంది, క్యానులోంచి మంచినీళ్ళు కాసిని పోసింది. నేను వాటినీ పొగమంచు చేశాను. చూడ్డానికి అచ్చం మందులాగే ఉంది. ఆమె దాన్ని ఆబగా పీల్చింది. నేను నమ్మకంగా తిరిగాను. మా ఇద్దరికీ అంతకంటే చేతనైంది లేదు.

ఖైరున్ వచ్చేసరికి తల నుంచి పాదాల దాకా ఇటుకబట్టీలోంచి లేచొచ్చినట్టు ఉంది. చేతులు ఖాళీ. షాపు షట్టరు దించేశారట, గోడలు పట్టుకుని తిరిగొచ్చిందట. రెడ్డెమ్మ పెదవులు నీలంగా కనిపించాక ఖైరున్ ఇక ఎవరి అనుమతీ అడగలేదు. ఫోను తీసింది. రెడ్డెమ్మ ఆ మణికట్టు పట్టుకుంది. పట్టులో బలం లేదు.

"పంపిస్తే పంపిస్తార్లే అక్కా," అంది ఖైరున్. "మనిషుంటే కదా పంపేది."

దారి కనబడక అంబులెన్సు చాలా ఆలస్యంగా వచ్చింది. వచ్చినవాళ్ళిద్దరూ కార్డు మాటే ఎత్తలేదు. పేరడిగారు, నా మాస్కు తీసేసి తమ మాస్కు పెట్టారు, కుర్చీలో కూర్చోబెట్టి మెట్ల మీదుగా మోసుకెళ్ళారు. ఖైరున్ చెప్పులు కూడా వేసుకోకుండా వెనకే పరిగెత్తింది. నన్ను ఆపాలని ఎవరికీ తోచలేదు. ఖాళీ గదిలో, ఖాళీ గిన్నెతో తిరుగుతూనే ఉన్నాను. చివరికి లోపల ఏదో కాలిన వాసన వచ్చింది. ఆగిపోయాను.

రెడ్డెమ్మ బతికింది. ఈ సంగతి ఖైరున్ ఫోనులో ఎవరితోనో చెబుతుంటే విన్నాను. కార్డు గురించి ఆస్పత్రిలో తర్వాత అడిగారట. ఆమె భయపడిందే నిజమైంది. అక్కడినుంచే విమానం ఎక్కించారు, ఈ గదికి మళ్ళీ రాలేదు. ఆ పిల్ల చదువు ఏమైందో, మిగిలిన ఏడాది ఎట్లా గడుస్తుందో నాకు తెలిసే దారి లేదు.

ధూళి తగ్గాక ఖైరున్ గదంతా కడిగింది. నన్ను బాగుచేయించాలనుకుందేమో, వెనక మూత ఊడదీసింది. గదిలో గాలిని నేను లోపలికి పీల్చుకునేది అక్కడినుంచే. ధూళిని ఆపడానికి అక్కడుండే తెల్లటి దూది బిళ్ళ ఎర్రమట్టి ముద్దయిపోయింది. ఖైరున్ దాన్ని అరచేతిలో పెట్టుకుని చాలాసేపు చూసింది. తర్వాత నన్ను తెచ్చి మెట్ల కింద, విరిగిన కుర్చీల పక్కన పెట్టింది.

ఇప్పుడు నా ముందు నుంచి మనుషులు ఎక్కుతూ దిగుతూ ఉంటారు. ఆ మధ్యాహ్నం రెడ్డెమ్మ నన్ను నమ్మి పీల్చిందే, అది ఊపిరా, ధూళా? ఈ మెట్ల కింద కూర్చుని అదే ఆలోచిస్తుంటాను. చెప్పేవాళ్ళు ఎవరూ లేరు.