సరంగు ముందు ఎవరిని చూస్తాడు

నేను ఒక కంపాసును. పుస్తకాల్లో దిక్సూచి అని రాస్తారట. విశాఖ చేపల రేవులో ఆ పేరు పెట్టి పిలిస్తే ఎవరూ తల తిప్పరు, నేనూ తిప్పను. ఇత్తడి గిన్నె, అందులో నూనె, నూనెలో తేలే అంకెల బిళ్ల, పైన అద్దం మూత, ఇదే నా ఒళ్లంతా. ఉత్తరం ఎటో చెప్పడం తప్ప నాకు వేరే విద్య రాదు. ఆ ఒక్క విద్య చూసుకునే నేను చాలాకాలం మిడిసిపడ్డాను.

పుట్టింది కలకత్తాలో, ఓడ సామాన్లు చేసే ఒక కార్ఖానాలో. నన్ను చేసినవాళ్లు బల్ల మీద గిరగిరా తిప్పి, ఎన్నిసార్లు తిప్పినా నేను ఉత్తరానికే మొహం తిప్పుకోవడం చూసి ముచ్చటపడ్డారు. ఆ ముచ్చట తీరకముందే నన్ను పక్కన పెట్టి ఇంకోదాన్ని అందుకున్నారు. మనుషుల ప్రేమ ఎంతసేపుంటుందో నాకు ఆ రోజే తెలిసి ఉండాల్సింది. తర్వాత కొన్నేళ్లు విశాఖ రేవు లాంచీలో కొలువు చేశాను. లాంచీ ముసలిదై దాన్ని విరగ్గొట్టాక పాత సామాన్ల కొట్టుకు చేరాను. అక్కడ పైనా కిందా ఇనుమే. ఇనుము మధ్య నాలాంటివాళ్లకు తల నిలవదు. ఏ దిక్కు ఏదో తెలియకుండా తాళాల గుత్తుల మధ్య పడి ఉండేదాన్ని.

అక్కడి నుంచి నన్ను బయటికి తీసినవాడు మైలపల్లి కొర్లయ్య. ‘నీలమణి’ అనే మరపడవకు సరంగు, అంటే చక్రం పట్టి పడవ నడిపేవాడు. నన్ను కొట్టు బయటికి తెచ్చి, నడిరోడ్డు మీద నిలబడి, చేతుల్లో పెట్టుకుని నాలుగు వైపులకూ తిరిగాడు. వెనక ఆటోవాడు హారన్ కొడుతున్నా చలించలేదు. “ఇది మాట తప్పీ రకం కాదు” అని నన్ను తువ్వాలులో చుట్టుకున్నాడు. ఆ తువ్వాలుకు చేపల వాసన, బీడీ వాసన. నాకు మాత్రం పట్టుబట్టలా అనిపించింది.

ఆనాటి నుంచి చక్రం ఎదుట, కొర్లయ్య కళ్ల ముందే నా ఆసనం. తెల్లారి కేబిన్‌లోకి వస్తే ముందు నా మొహం చూసేవాడు. టీ గ్లాసు నా దరిదాపుల్లో కూడా పెట్టనిచ్చేవాడు కాదు. పడవ మీద పనిచేసే కలాసీలకు నన్ను చూపించి, “నాకు ఇద్దరే నమ్మకం, గంగమ్మ తల్లీ, ఈ కంపాసూ” అనేవాడు. తల్లి పేరు తర్వాత నా పేరు రావడం నాకు పెద్ద లోటుగా తోచలేదు. మూడో పేరు లేదు కదా అని సంతోషపడేదాన్ని.

ఆ మూడో పేరు ఒక వేసవిలో వచ్చింది.

చేపల వేట ఆపేసే రెండు నెలల్లో పడవలన్నీ ఒడ్డున బాగుకు పడతాయి. ‘నీలమణి’ కేబిన్ చెక్క పుచ్చిపోయిందని పడవ గలామె పైడితల్లి కొత్తది కట్టించింది. పరికరాలు అమర్చడానికీ, వాటికి తీగలు లాగడానికీ వైరింగ్ మేస్త్రి సన్యాసిరావు వచ్చాడు. ఆయన చంకలో ఒక అట్టపెట్టె. నిగనిగలాడుతూ, వెడల్పాటి నల్లటి మొహంతో అందులోంచి దిగింది ప్లాటరు. ఆకాశంలోని ఉపగ్రహాలతో మాట్లాడుతుందట. పడవ ఎక్కడుందో బొమ్మ గీసి చూపిస్తుందట. దాని మొహం మీద అంటించిన పలచటి కాగితం తీయడానికి కలాసీలందరూ పోటీపడ్డారు. నా అద్దం తుడిచి ఎన్నాళ్లయిందో ఒక్కరికీ గుర్తులేదు. కొత్తొక వింత, పాతొక రోత అని ఊరికే అనలేదు.

సన్యాసిరావు పని తీరు మాత్రం మెచ్చుకోవాలి. కనిపించిన చోటల్లా కన్నం పొడిచే రకం కాదు. ఒక్కో పరికరం కొలతకు ఒక్కో అట్టముక్క కత్తిరించాడు. వైర్‌లెస్‌కు ఒకటి, చేపల గుంపును చూపించే పెట్టెకు ఒకటి, ఇంజను వేడీ ఆయిలూ చెప్పే గడియారాలకు చిన్నవి, నాకూ ఒక గుండ్రటి ముక్క. కొర్లయ్యను పీట మీద కూర్చోబెట్టాడు.

“బావా, సక్రం అట్టుకో. ఎదరకి సూడు. నీ సూపు ఎక్కడ పడితే అక్కడే అట్ట అతికిస్తాను.”

“ఇంకెక్కడ పడతాది? నా కంపాసు కాడే.”

“ఇన్నాల్లూ పడింది. ఇకనుంచి ప్లాటరు మీద పడాల. మద్దిన అదే ఉండాల బావా, నాకొదిలీ.”

కొర్లయ్య నా అట్టముక్కను చేతిలో పట్టుకుని కాసేపు చూశాడు. కాదంటాడనుకున్నాను. అనలేదు! బల్ల మీద సుద్దతో గీసిన నడిమి గడి ప్లాటరుకు పోయింది. నన్ను ఎడమ పక్కకు, కిటికీ దగ్గరికి జరిపారు. నాకు కడుపు మండిపోయింది. కొర్లయ్య మీద కోపం రాలేదు, అదే ఆశ్చర్యం. కోపమంతా ఆ నల్లమొహం మీదే.

ఒక్క విషయంలో నాకు మర్యాద దక్కింది. వైర్‌లెస్ స్పీకరులో అయస్కాంతం ఉంటుంది కాబట్టి దాన్ని కుడివైపు గోడకు తీసుకెళ్లాడు సన్యాసిరావు. నా బల్బుకు వచ్చే ఎర్ర తీగనూ నల్ల తీగనూ జడలా మెలిపెట్టి లాగాడు. విడివిడిగా లాగితే కరెంటు పారినప్పుడల్లా నా తల అటూ ఇటూ అవుతుందట. అన్నీ బిగించాక ఒక్కో స్విచ్చే వేస్తూ నావైపు చూశాడు. నేను వెంట్రుకంత కూడా కదల్లేదు. ప్లాటరుకు దండ వేశారు, నాకు మెలిపెట్టిన తీగలు వేశారు.

ప్లాటరును మొదటిసారి రేవులోనే వెలిగించారు. దాని బొమ్మలో మన పడవ సముద్రంలో లేదు, చేపల బజారు నడిబొడ్డున నిలబడి ఉంది. కొర్లయ్య పొట్ట చేత్తో పట్టుకుని నవ్వాడు.

“ఓలమ్మో, పడవని బజార్లోకి నడిపించీసినాదిరా ఇది!”

“మేప్ కొంచెం పక్కకి జరిగినాది మావా. సముద్రంలోకెలితే అంత తేడా తెల్దు” అన్నాడు కొర్లయ్య అల్లుడు ఎల్లాజీ. పడవలో రెండో సరంగు అతనే, ప్లాటరుకు మొదటి భక్తుడూ అతనే. ఆ రోజు నాకు కలిగిన ఆనందం దాచుకోను. పండగ చేసుకున్నాను.

వేట మొదలయ్యే రోజు పైడితల్లి పూజ చేయించింది. కొబ్బరికాయ కొట్టారు, నిమ్మకాయలు కట్టారు. చివర్లో ఆమె కొంగు ముడి విప్పి చిన్న గంగమ్మ బొమ్మను తీసింది. కార్లలో పెట్టుకుంటారే, కింద గట్టి అయస్కాంతం ఉండే రకం. కేబిన్ అంతా కలయజూసి, సరంగు చూపు పడే చోటు కావాలని, సరిగ్గా నాకు ఎదురుగా కిటికీ ఇనుప పట్టీ మీద ఆనించింది. టక్కున అతుక్కుంది.

“నా తల్లి ఇక్కడే కూకుంటాది. నాను సెప్పీదాకా ఎవులూ సెయ్యెట్టకండి” అంది. అందరూ దండం పెట్టారు. సన్యాసిరావు అప్పటికే వేరే పడవ పనికి వెళ్లిపోయాడు.

అమ్మవారు కూర్చున్న క్షణంలోనే నా తల ఎవరో జుట్టు పట్టుకున్నట్టు ముందుకు లాగబడింది. ఉత్తరం అక్కడ కాదని నాకు తెలుసు. తెలిసీ అక్కడే చూపిస్తున్నాను. చెప్పడానికి నాకు నోరేది? వెనక కొండలు కనిపిస్తుంటే కంపాసు ఎవరికి కావాలి? పడవ బయల్దేరింది. ఎండ కాస్తున్నంతకాలం, వల లాగినంతకాలం ఎవరూ గమనించలేదు.

తిరుగు ప్రయాణంలో పొద్దున్నే కుండపోత వాన కమ్ముకుంది. పడవ ముందు కొస కూడా కేబిన్‌లోంచి కనిపించడం లేదు. కొర్లయ్య చక్రం పట్టుకుని, నన్ను చూస్తూ, పడవను పడమరకు కాస్త ఉత్తరంగా పట్టాడు. ఎల్లాజీ ప్లాటరు ముందు నిలబడ్డాడు.

“మావా, గీత ఒంకరగా పోతంది. ఇది మనల్ని రేవు వైపు కాదు, యారాడ కొండ రాల్ల వైపు సూపిస్తంది. కొంచెం కుడికి తిప్పు.”

“మొన్న మనల్ని బజార్లో నిలబెట్టింది ఎవుల్రా? నా కంపాసు నాకు ఏనాడూ అబద్దం సెప్పలేదు.”

ఈ మాట కోసమే కదా నేను అన్నాళ్లూ ఏడ్చింది! ఆ నల్లమొహం వినేలా, అందరి ముందూ నన్నే నమ్ముతానన్నాడు. ఆ మాట దక్కిన పూటే నేను తప్పు చెబుతున్నాను. నన్ను నమ్మకయ్యా అని అరవాలనిపించింది. దాన్ని చూడు, ఒక్కసారి ఆ నల్లదాన్ని చూడు అని, జన్మలో మొదటిసారి నా సవతి గెలవాలని కోరుకున్నాను. కొర్లయ్య కళ్లు మాత్రం నా మీదే ఉన్నాయి. అంత ప్రేమగా ఆయన నన్ను ఎప్పుడూ చూడలేదు.

“మావా, నీ కాల్లు అట్టుకుంటాను, నీ కూతురు కడుపుతో ఉంది” అన్నాడు ఎల్లాజీ.

అప్పుడే ముందు కొసన నిలబడ్డ కలాసీ కేకేశాడు. వానలోంచి రాళ్లకు కొట్టుకునే అలల హోరు. కొర్లయ్య ఇంజను తగ్గించాడు. ఏది నిజమో తోచనప్పుడు ఆయనకు తెలిసిన దారి ఒకటే. గంగమ్మను పట్టీ మీంచి ఊడదీసి కళ్లకు అద్దుకున్నాడు.

“తల్లీ, నువ్వే సెప్పు.”

నా జుట్టు వదిలినట్టయింది. గిర్రున తిరిగాను. కళ్లు తెరిచిన కొర్లయ్య నన్ను చూశాడు. పడవ తిరగలేదు, నేను తిరిగాను. బొమ్మను నా దగ్గరికి తెచ్చాడు, నా తల అటు వంగింది. దూరం తీసుకెళ్లాడు, మళ్లీ ఇటు వచ్చింది.

“తల్లిని ఎనక్కి అట్టుకెల్లు, జాగర్త” అని బొమ్మను ఎల్లాజీ చేతిలో పెట్టి, చక్రం కుడికి తిప్పేశాడు. వాన తెర ఒక్క క్షణం విడిపోయి, ఎడమ పక్కన నల్లరాళ్లూ, వాటి మీద తెల్లటి నురగా కనిపించి మాయమయ్యాయి.

ఒడ్డున పైడితల్లి అగ్గిమీద గుగ్గిలమైంది. “నా తల్లిని కదిపీసినారా! అయితే తప్పు తల్లిదంటావా?” అని నిలదీసింది.

“తల్లి తప్పేటి అప్పా? అందరికీ అట్టముక్క కత్తిరించినాం, తల్లికి సోటు ముందుగా అనుకోలేదు. తప్పు మనది” అన్నాడు కొర్లయ్య. సన్యాసిరావును మళ్లీ పిలిపించారు. ఆయన ఈసారి గంగమ్మకూ ఒక అట్టముక్క కత్తిరించి, కొర్లయ్య వెనక గోడకు, నాకు దూరంగా అతికించాడు. పైడితల్లి తన చేత్తో అక్కడ కుంకుమ పెట్టింది.

“ఎలాగూ వచ్చీసినాను కదా” అన్నాడు సన్యాసిరావు నన్ను వేలితో తడుతూ, “ఈ ముసల్దాన్ని తీసీమంటావా? ఇక్కడ ఇంకో స్క్రీను పడతాది. తప్పు సెప్పింది కదేటి.”

నా నూనె గడ్డకట్టింది. పాత సామాన్ల కొట్టు, తాళాల గుత్తులు, అన్నీ ఒక్కసారిగా కళ్లముందు మెదిలాయి. కొర్లయ్య తువ్వాలు తీసి నా అద్దం తుడిచాడు.

“తప్పు సెప్పినాది. నిజమే. అది తప్పని నాకు సూపించింది కూడా ఇదే. ఉంచు.”

ఉన్నాను. ఎడమ పక్కనే, కిటికీ దగ్గరే. ఇప్పుడు పడవ కదిలే ముందు కొర్లయ్య తాళంచెవులూ ఫోనూ తీసి వెనక పెట్టి, నన్ను పరీక్షించి గానీ చక్రం పట్టడు. ఒకప్పుడు గుడ్డిగా నమ్మిన మనిషి రోజూ పరీక్ష పెడుతుంటే మనసు చివుక్కుమంటుంది. సముద్రంలో ఆయన ముందు ప్లాటరునే చూస్తాడు, తర్వాతే నన్ను. మా ఇద్దరి మాటా ఒకటైతే ఆయన భుజాలు కిందికి దిగుతాయి, బీడీ వెలిగిస్తాడు. మొదటి చూపు కన్నా ఆ రెండో చూపు కాస్త ఎక్కువసేపు ఉంటుందని నేను చాలాసార్లు గమనించాను. ప్లాటరును అడిగితే అదేం లేదంటుంది. దానికి కుళ్లు.