తీతువు అడ్డం నిలబడింది

వాసంతికి యాభై ఒకటో ఏట గుర్రం పిచ్చి పట్టింది. జార్జి టౌన్‌లో కాగితాల హోల్‌సేల్ వ్యాపారం చేసే ఇంటి కోడలు, ఆదివారం తెల్లారగానే బూట్లు తొడుక్కుని ముట్టుకాడు సవారీ మైదానం దాకా పోవడం చూసి ఇంటిల్లిపాదీ నవ్వారు. నవ్వుకోనీ అనుకుంది.

చిక్కంతా సవారీ నేర్పే జనార్దనం మాస్టరుతోనే. ముప్పై ఏళ్ళు కోడంబాక్కం సినిమాలకు గుర్రాలు తోలిన మనిషి. మైదానం చుట్టూ ఆగకుండా ఒక్కసారి తిరిగొస్తే తప్ప గుర్రాన్ని ఒంటరిగా బయటికి తీసుకెళ్ళనివ్వనని పంతం పట్టాడు. మూడు వారాలుగా ఆమె తప్పుతూనే ఉంది. ఒకసారి ముంగిస, ఒకసారి ఊసరవెల్లి, ఇంకోసారి తుమ్మచెట్టుకు వేలాడే గిజిగాడి గూళ్ళు. గుర్రం మీదున్న మనిషిని చూసి చిన్న ప్రాణులు బెదరవు. అంత దగ్గరగా కనిపిస్తుంటే ఆగకుండా ఎట్లా పోతుంది?

"సవారీ నేర్చుకునేదానికి వచ్చినావా, వేడుక చూసేదానికి వచ్చినావా అమ్మా?" అని మాస్టరు చీవాట్లు పెట్టాడు. "ఈతూరి నిలిపితే ఇంక నన్ను అడగొద్దు."

ఈసారి ఆగకూడదని ఒట్టు పెట్టుకుంది. ఆమె ఎక్కిన కావేరి, చెప్పిన మాట వినే గుర్రం. మూడు మూలలూ దాటేసింది. ఇంకొక్కటే మిగిలింది.

అక్కడ తీతువు అరిచింది.

 ఆ కూత వింటే చావు కబురే అని వాసంతి వాళ్ళింట్లో భయం. గడప దాటినవాళ్ళు కూడా చెప్పులు విడిచి లోపలికొచ్చి కూర్చునేవాళ్ళు. కూత వినడమే గానీ పిట్టను ఆమె ఏనాడూ చూడలేదు. ఇప్పుడు చూసింది. పసుపుపచ్చటి సన్నకాళ్ళు, కంటి ముందు ఎర్రటి తోలు, పావురమంత ఒళ్ళు. గుర్రం మీదికొస్తున్నా ఎగిరిపోకుండా, రెక్కలు చాపి దారికడ్డంగా నిలబడి గొంతు చించుకుంటోంది. దాని వెనక గులకరాళ్ళ మధ్య నాలుగు గుడ్లు.

పగ్గాలు బిగబట్టింది. కావేరి ఆగింది. పరీక్ష పోయింది. వాసంతికి ఏడుపొచ్చినంత పనైంది.

మాస్టరు తన గుర్రం మీద విసవిసా వచ్చాడు. "మళ్ళా నిలిపేస్తివా! ఆ పాడు పిట్ట వేరే అరుస్తా ఉంది. ఎనక్కి తిప్పు, ఈ పొద్దు మంచిది కాదు."

"అది మనకేం చెప్పలేదు మాస్టర్. నా గుడ్లు తొక్కొద్దంటా ఉంది, అంతే. ఆడ చూడండి."

రాళ్ళలో గుడ్లను పోల్చుకోవడానికి ఆయనకు చాలాసేపు పట్టింది. కనబడ్డాక గుర్రం దిగాడు. పిట్ట ఆయన మీదికీ ఉరికింది. పెద్దమనిషి రెండడుగులు వెనక్కి వేశాడు.

"నేల మీదనే పెడతాదా ఇది? ఎప్పుడూనా?"

"అవును మాస్టర్. గూడు కట్టదని చదివినా."

 "షాటుకు ముందు ఇది అరిస్తే అపశకునమని రాళ్ళేసి తరిమిస్తా ఉంటి," అన్నాడు. "అది ఎగిరిపోయినాకనే గుర్రాల్ని వదిలేది. ఇరవై, ముప్పై గుర్రాలు, అది నిలబడిన చోటనే."