ఎమిల్ ఒంటరిగా పట్టిన మూడు అవుట్లు

మా బొగ్గుగని బేస్‌బాల్ జట్టులో ఎమిల్ హుడాక్ రెండో బేసు దగ్గర, అంటే పరుగు తీసేవాళ్లు వరసగా తొక్కాల్సిన మెత్తల్లో రెండోదాని దగ్గర, ఆడేవాడు. వాళ్లన్న ఆండ్రూ బంతి విసిరే పిచర్. నేను క్యాచర్‌ని. బ్యాటు పట్టినవాడి వెనక కూర్చునేవాణ్ణి కాబట్టి మైదానమంతా నా కళ్లెదుటే ఉండేది.

ఆ శనివారం ఆండ్రూ ఆటకు రాలేదు. తోటి కార్మికుడి భార్యకు నొప్పులు మొదలయ్యాయని అతని బదులు గనిలోకి దిగాడు.

"నువ్వు లేకపోతే ఎలా అన్నా?" అన్నాడు ఎమిల్.

"బంతి నీవైపు రాకుండా చూసుకో, జట్టు దానంతటదే గెలుస్తుంది" అని నవ్వుతూ వెళ్లిపోయాడు ఆండ్రూ.

ఆట సగంలో అవతలి జట్టువాళ్లలో మొదటి బేసు మీద ఒకడు, రెండో బేసు మీద ఒకడు ఉన్నారు. మూడు అవుట్లయితేనే వాళ్ల వంతు ముగుస్తుంది, మాకింకా ఒక్కటీ దొరకలేదు. ఆండ్రూ బదులు దిగిన కుర్రాడు బంతి విసరగానే ఇద్దరూ పరుగందుకున్నారు. బ్యాటు తగిలిన బంతి తూటాలా దూసుకెళ్లింది. ఎమిల్ గాల్లోకి ఎగిరి పట్టేశాడు. కొట్టినవాడు అవుట్. బంతి నేల తాకకుండా పట్టేస్తే పరిగెత్తినవాళ్లు తమ బేసుకు తిరిగి చేరాలి. కిందికి దిగుతూనే రెండో బేసు తొక్కాడు. అక్కణ్ణుంచి మూడో బేసుకు పరిగెత్తినవాడు వెనక్కి రాలేక అవుట్. మొదటి బేసు నుంచి వస్తున్నవాడు ఆగలేక ఎదురుపడితే, బంతితో వాడి భుజం తాకాడు. వాడూ అవుట్.

"నన్నెందుకు తాకావోయ్?" అన్నాడు వాడు తెల్లబోయి.

"నువ్వు మూడోవాడివి" అన్నాడు ఎమిల్, తనకే నమ్మకం కుదరక.

పెద్ద లీగుల్లో కూడా ఒక తరమంతా ఎదురుచూసినా కనబడని ఆట అది. జనం లేచి నిలబడ్డారు. కేకలు ఇంకా గొంతులోంచి బయటికి రాకముందే గనిలో ప్రమాదమని సైరన్ మోగింది.

అందరం పరిగెత్తాం. ఎమిల్ చేతికి గ్లవ్ అలాగే ఉంది. మర్నాడు సాయంత్రం ఆండ్రూ శవాన్ని పైకి తెచ్చారు.

ఆ ఆట గురించి ఊళ్లో ఎవరూ మాట్లాడలేదు. పేపర్లో చనిపోయినవాళ్ల పేర్లే వచ్చాయి. ఎమిల్ మళ్లీ మైదానం తొక్కలేదు. పెళ్లి కూడా చేసుకోకుండా వదిననూ పిల్లలనూ చూసుకుంటూ ఉండిపోయాడు.

చాలా ఏళ్లకు, మేమిద్దరం బార్లో కూర్చుని ఉండగా ఒక ముసలాయన దగ్గరికొచ్చాడు. అవతలి ఊరి ఆర్విల్, ఆనాటి మూడోవాడు.

"నన్ను అవుట్ చేసింది నువ్వేగా? ఎంత చెప్పినా నా మనవళ్లు నమ్మి చావడం లేదు. ఒక్కసారి వచ్చి చెప్పవయ్యా!"

"ఎవర్ని చూసి ఎవరనుకుంటున్నారో. అది నేను కాదు" అన్నాడు ఎమిల్.

నేను నోరు తెరవబోతే బల్ల కింద నా మోకాలు గట్టిగా పట్టుకున్నాడు. ఆర్విల్ తల దించుకుని వెళ్లిపోయాడు.

"అంత చేసి కాదంటావేంట్రా?" అని కోప్పడ్డాను.

ఎమిల్ నా మోకాలు వదిలాడు.

"అది గుర్తొస్తే ముందు సంతోషమే వస్తుందిరా. ఆ తర్వాతే అన్న గుర్తొస్తాడు. ఆ వరసే నేను భరించలేను."