పూడ్చని మూల

ముక్కుకీ నోటికీ అడ్డంగా కట్టుకున్న గుడ్డని ఇంకోసారి బిగించి, పెద్దమ్మ మళ్ళీ రబ్బీసు కుప్ప మీదికి వంగింది. లారీ అప్పుడే దించి వెళ్ళింది. దుమ్ము ఇంకా కిందికి దిగలేదు. పట్నంలో పెచ్చులూడి, కప్పు కారి, మనుషులు ఖాళీ చేసిన పాత మేడ ఒకటి నిన్నటిదాకా ఎక్కడో నిలబడే ఉండి ఉంటుంది. ఇవాళ ఇటుక ముక్కలై, సున్నపు పెళ్ళలై ఈ క్వారీ గొయ్యి అంచున పడి ఉంది. అందులోంచి చెక్కా, వైరూ, గుడ్డా, గాజూ, ప్లాస్టిక్కూ ఏరి పక్కన పెట్టడం ఆవిడ పని. మిగిలిన రాయినీ ఇటుకనీ లోడరు తోసుకెళ్ళి గోతిలో పోస్తుంది, రోలరు తొక్కుతుంది. గొయ్యి నిండాక పైన మంచి మట్టి పరిచి చెట్లు పెడతారట. రాయి కోసం తవ్వి తవ్వి వదిలేసిన నేల మళ్ళీ నేల అవుతుందని పనిలో చేరిన రోజు సూపర్వైజరు చెప్పాడు.

"ఈ ఇంటాయనకి ముక్కు మీదే ఉండేది కోపం," అంది పెద్దమ్మ, తలుపు బందు ఒకటి పైకెత్తి. "విసిరి విసిరి వేసి దీన్నెలా వంచేశాడో చూడు."

పక్కన ఏరుతున్న కోడలు నవ్వింది. "ఆయనో, ఇంట్లో అత్తగారో."

"అత్తగారు విసిరితే తలుపు వంగదే. కోడలు వంగుతుంది."

మామూలు రోజైతే కోడలు దీనికి ఇంకో మాట అంటించేది. ఇవాళ తల దించుకుని వైరు ముక్క లాగుతూ ఉండిపోయింది. పెద్దమ్మ అది చూసింది. కొన్నాళ్ళుగా చూస్తూనే ఉంది. లోడరు డ్రైవరు బకెట్టు ఎత్తినప్పుడల్లా గాలి ఎటు వీస్తోందో చూసి, దుమ్ము కోడలి మీద పడకుండా పోస్తాడు. అది కనిపెట్టలేనంత గుడ్డిది కాదు ఆవిడ. ఇక్కడ పని అయిపోవచ్చింది. సాయంత్రం లోడరుని ట్రైలరు ఎక్కించి ఇంకో ఊరు పంపేస్తున్నారు. డ్రైవరూ దానితోపాటే పోతాడు.

పెద్దమ్మ కొడుకు ఈ గోతిలోనే పోయాడు. క్వారీ మూతపడ్డాక వానలకి గొయ్యి నిండింది. అడుగున ఉండిపోయిన పాత పంపు తీసిస్తే కూలి ఇస్తామన్నారని దిగాడు. నీళ్ళలోకి మునిగి పంపుకి తాడు గట్టిగానే కట్టాడు. పైనున్నవాళ్ళు లాగితే పంపు వచ్చింది, వాడు రాలేదు. ఉత్తరపు మూలలో బండ కింద దొరికాడు. పెళ్ళయి అప్పటికి ఏడాది కూడా కాలేదు. అప్పటినుంచి అత్తా కోడలూ ఇద్దరే. ఒకటే గది, ఒకటే పొయ్యి. విసుక్కోవడానికైనా ఒకరికి ఒకరు తప్ప వేరే దిక్కు లేదు. గొయ్యి పూడుస్తున్నారని, ఏరడానికి ఆడవాళ్ళు కావాలని తెలిసినప్పుడు కోడలు వద్దంది. "నా కొడుకుని మింగినదాని నోట్లో మట్టి కొట్టకుండా నేను చావను," అని పెద్దమ్మ అందరికంటే ముందు వెళ్ళి నిలబడింది.

ఎండ నడినెత్తికి వచ్చేసరికి సూపర్వైజరు గొంతు వినిపించింది.

"ఆ ఉత్తరపు మూల ఎందుకు వదిలేశావయ్యా? రేపు మట్టి లారీలొస్తున్నాయి. అంతా సాపు చేసి అదొక్కటీ బావిలా ఉంచితే ఎలా?"

లోడరు డ్రైవరు ఇంజను ఆపాడు. "పెద్దమ్మ ఇంకా చెప్పలేదు సార్."

"ఆవిడెవరు చెప్పడానికి? ఇంజనీరా?"

సూపర్వైజరు ఇటు తిరిగి పెద్దమ్మని చూశాడు. కొడుకు సంగతి అతనూ విన్నదే. సాయంత్రానికల్లా అయిపోవాలని మాత్రం అని వెళ్ళిపోయాడు.

పెద్దమ్మ చేతిలో చెక్కముక్క అలాగే ఉండిపోయింది. ఆ మూల ఏటవాలు ఎక్కువ కాబట్టి ఆఖరికి పెట్టుకున్నారనుకుంది ఇన్నాళ్ళూ. మధ్యాహ్నం తిండి వేళ రోజూ తను ఆ మూలకి ఎదురుగా కూర్చోవడం ఎవరూ చూడలేదనుకుంది. లేచి అటు నడిచింది. డ్రైవరు కేబిన్ దిగి వచ్చాడు. మాట తక్కువ మనిషి. చేతులెక్కడ పెట్టుకోవాలో తెలియనట్టు నిలబడ్డాడు.

"మీరు ఊఁ అంటే పోస్తానమ్మా. లేదంటే బండి మొరాయించిందని చెప్పి ఇవాళ్టికి ఆపుతాను."

"నా కొడుకుని పూడ్చిపెట్టి, నా కోడల్ని బండెక్కించుకుపోదామనా?"

అతని మొహం మాడిపోయింది. కాదనలేదు. నేల చూస్తూ, "మిమ్మల్ని వదిలి రానంటోందమ్మా," అన్నాడు.

ఆ మాటకి పెద్దమ్మ కోపం చల్లారాల్సింది. ఎందుకో ఇంకా పెరిగింది. ఎవరి మీదో ఆవిడకే తెలియలేదు.

"తర్వాతి లోడు ఇక్కడ దించమను," అంది. "నేను ఏరేదాకా బకెట్టు ముట్టుకోకు."

ఆ లోడు ఏదో ఇంటిది. గోడ పెళ్ళల మీద నీలం రంగు, ఊడిన చోట దాని కింద పసుపు. పెద్దమ్మ గొంతుక్కూర్చుని ఏరడం మొదలుపెట్టింది. ఊచలూ చెక్కలూ అయ్యాక చిన్న చిన్న మేకులు. మేకులయ్యాక కిటికీ గాజు పెంకులు, గోరంత ముక్కతో సహా. మధ్యలో దగ్గు తెర వస్తే ఆగి, గుడ్డ సర్దుకుని, మళ్ళీ వంగుతోంది. కోడలు వచ్చి ఎదురుగా నిలబడింది.

"గాజు కూడా ఇంత చూసి ఏరాలా అత్తా? అడుగుకే కదా పోయేది."

"వాడి మీద పడేవే. గుచ్చుకుంటాయి."

వాడక్కడ లేడని ఇద్దరికీ తెలుసు. బయటికి తీసినప్పుడు ఇద్దరూ ఒడ్డునే ఉన్నారు. కోడలు కూర్చుని తనూ గాజు ఏరసాగింది. తట్ట సగం నిండాక అంది.

"నేను వెళ్ళనత్తా."

"వెళ్ళక? నా పక్కన కూర్చుని దగ్గుతావా?"

"నువ్వూ రా మాతో."

"కొత్త కాపురంలోకి పాత అత్తని మోసుకెళ్తావా? నవ్విపోతారే."

"నవ్వితే నవ్వనీ."

"నీకేం, నవ్వేది నన్ను చూసి." పెద్దమ్మ ఒక పెంకుని వేలితో తుడిచి తట్టలో వేసింది. "ఇన్నాళ్ళూ నీ వంట తినలేక చచ్చాను. ఇక వాడి నాలుక, వాడి ఖర్మ. పో."

అనేసి దగ్గింది. ఆ దగ్గు దుమ్ముకి వచ్చింది కాదు. ఈ పిల్ల పోతే కొడుకు ఎలా నవ్వేవాడో, దేనికి అలిగేవాడో తెలిసిన మనిషి ఇక తనొక్కతే. అది పైకి అనలేదు. అంటే కోడలు ఉండిపోతుంది.

కుప్ప శుభ్రమయ్యాక పెద్దమ్మ డ్రైవరు వైపు చూసి తలూపింది. అతను బకెట్టు బాగా కిందికి దించి, అన్నం వడ్డించినట్టు నెమ్మదిగా పోశాడు. తర్వాత ఇంకో లోడు, ఇంకోటి. పొద్దు వాలేసరికి మూల నిండింది. రోలరు వచ్చి అటూ ఇటూ తిరిగింది.

"నువ్వు ముందు ఇంటికి పో," అంది పెద్దమ్మ. "ఒళ్ళంతా సున్నమే. ఆ అవతారంతో వెళ్తావా ఏంటి? తట్టలూ గునపాలూ అప్పజెప్పి నేనొస్తా."

కోడలు కదల్లేదు. "వస్తావుగా?"

"చెప్తున్నానుగా."

అప్పజెప్పడానికి ఎంతోసేపు పట్టలేదు. అయినా పెద్దమ్మ ఇంటి దారి పట్టలేదు. రోడ్డు మీద ట్రైలరు హారను మోగింది. కాస్త ఆగి మళ్ళీ మోగింది. ఆవిడ దానికి వీపు పెట్టి, ఉత్తరపు మూలకని నడిచింది. ఎటు చూసినా ఒకటే చదును, ఒకటే బూడిద రంగు. ఇక్కడే అనుకుని నిలబడింది. కాదు, ఇంకాస్త అటు. అటు వెళ్తే అదీ కాదనిపించింది. రోజూ కూర్చున్న చోటు నుంచి చూద్దామంటే ఆ చోటు కూడా పూడిపోయింది. ఇన్నాళ్ళూ ఈ గొయ్యి కనపడకుండా పోవాలనే ఏడ్చింది. ఇప్పుడు కనపడటం లేదు. మసక చీకట్లో కాలితో నేలని తడుముతూ అటూ ఇటూ తిరిగింది, పడిపోయిన వస్తువేదో వెతుక్కుంటున్నట్టు.

మూడోసారి హారను మోగుతుందేమోనని ఆగి విన్నది. మోగలేదు. తిరిగి చూస్తే రోడ్డు ఖాళీగా ఉంది.

ఇంటికి వచ్చి తలుపు తోస్తూ, "ఏమే," అని పిలిచింది, అలవాటుకొద్దీ. గది ఊడ్చి ఉంది. ఒక పక్క కాస్త ఎక్కువ ఖాళీగా ఉంది. కాళ్ళు కడుక్కుందామని పెరటి తడక చాటుకి వెళ్ళింది. అక్కడ బండ మీద సబ్బు ఇంకా తడిగానే ఉంది, సగం అరిగి, పొడుగాటి నల్లటి వెంట్రుక ఒకటి చుట్టుకుని, అడుగున తెల్లటి నీళ్ళు కారుతూ.