దస్తగిరి బాణీ

నాకు కోపం ఎక్కువ. ఈ సంగతి కోడుమూరు చుట్టుపక్కల బోరు ఉన్న ప్రతి రైతుకూ తెలుసు. కాలిపోయిన మోటారును ఆటోలో వేసుకొచ్చి "రేప్పొద్దున్నకు కావాల శివశంకరన్నా" అంటే నేను అరుస్తాను. అరిచి, రేప్పొద్దున్నకే బాగుచేసి ఇస్తాను. అందుకని నా అరుపును ఎవరూ లెక్కచెయ్యరు.

వాళ్లకు తెలియని సంగతి ఇంకొకటుంది. ముప్పై నాలుగేళ్లుగా నేనొక ఇంగ్లీషు పాటల ఆల్బం మోజులో ఉన్నాను. దాని పేరు 'టిన్ వెదర్'. 'ఓల్డ్ ఫెర్రీ' అనే నలుగురు కుర్రాళ్ల బృందం డెబ్బైల్లో చేసిన హార్డ్ రాక్. ఎనిమిది పాటలు. అది వచ్చినప్పుడు పేపర్లవాళ్లు రాయలేదు, రేడియోవాళ్లు వెయ్యలేదు, జనం కొనలేదు. ఏడాది తిరక్కుండా ఆ నలుగురూ విడిపోయి తలా ఒక ఉద్యోగం చూసుకున్నారు. ఇంత మంచి వస్తువు చేసి, చెయ్యనట్టే మరుగున పడిపోయారే అని నాకు ఇప్పటికీ కడుపు మండుతుంది.

హార్డ్ రాక్ అంటే ఒట్టి రొద అనేవాళ్లతో నాకు పేచీ. గిటారు గట్టిగానే మోగుతుంది, కాదనను. కానీ ఆ వాయించేవాడికి ఎక్కడ ఆగాలో తెలుసు. ఒక వరస వాయించి ఊరుకుంటాడు. ఆ ఖాళీలో డ్రమ్ము ఒక్క రవ్వ ఆలస్యంగా పడుతుంది. ఆ రవ్వ ఆలస్యమే నన్ను ఇన్నేళ్లు కట్టిపడేసింది. పాడేవాడు గొంతు చించుకోడు, ఎవరికో నచ్చజెబుతున్నట్టు పాడతాడు. ఇక మూడో పాట సంగతి ఏం చెప్పను! గిటారు మెల్లగా పైకి ఎక్కుతూ ఎక్కుతూ పోయి, ఇంకొక్క మెట్టు ఉందనగా వెనక్కి తిరుగుతుంది. వేల సార్లు విని ఉంటాను. ఆ మలుపు దగ్గర ఇప్పటికీ చేతిలో స్పానరు ఆగిపోతుంది.

ప్రపంచం మొత్తానికి దీని అభిమానులం రెండువందల పద్నాలుగు మందిమి. ఫోన్‌లో మాకొక గ్రూపు ఉంది. రెండో వైపు పాటలు గొప్పవా మొదటి వైపు గొప్పవా అని పదేళ్లుగా కొట్టుకుంటున్నాం. నార్వేలో రిటైరైన బస్సు డ్రైవరొకాయన ఏ పాటలో ఎన్ని డ్రమ్ము దెబ్బలున్నాయో లెక్కపెట్టి పట్టిక వేశాడు. మతిలేని పని అని మా ఆవిడ స్వర్ణలత అంది. నాకైతే ఆయన్ను కౌగిలించుకోవాలనిపించింది. మీ దేశంలో ఇంకెవరైనా దీన్ని విన్నారా అని వాళ్లు అప్పుడప్పుడూ అడుగుతారు. నేనొక్కడినే అని ప్రతిసారీ కొంచెం గర్వంగా, ఎక్కువ దిగులుగా రాస్తాను.

ఈ ఫిబ్రవరిలో మా పక్క షాపు శేషన్న కొడుకు పెళ్లి జరిగింది. సాయంత్రం పెళ్లికొడుకును ఊరేగింపుగా ఫంక్షన్ హాలుకు తీసుకుపోతున్నారు. బ్యాండు కర్నూలు నుంచి వచ్చింది. సినిమా పాటలు నాలుగు వాయించాక, ముందు నిలబడ్డ క్లారినెట్టు అతను కళ్లు మూసుకుని ఏదో మొదలుపెట్టాడు. "దస్తగిరి బాణీ!" అని కుర్రాళ్లు కేకలు పెడుతూ ముందుకు ఉరికారు.

నేను నడిరోడ్డు మీద నిలబడిపోయాను. అది 'టిన్ వెదర్' మూడో పాట.

మొదట నా చెవుల్ని నమ్మలేదు. మెల్లగా పైకి ఎక్కడం అదే, ఆఖరి మెట్టు ముందు వెనక్కి తిరగడం అదే. డోలు కూడా ఒక్క రవ్వ ఆలస్యంగా పడుతోంది. ఇంతలో ఒకచోట పాట తడబడి, మధ్యలో కొంచెం ఎగరగొట్టి ముందుకు దూకింది. సరిగ్గా అక్కడ కుర్రాళ్లంతా ఒక్కసారిగా గాల్లోకి ఎగిరారు. ఎన్నో పెళ్లిళ్లలో ఎగిరి అలవాటైన ఎగురు అది, ఒక్కడు కూడా ముందూ వెనకా కాలేదు.

ఆ తడబాటు ఆల్బంలో లేదు. అది నాది. నేను కర్నూల్లో పాలిటెక్నిక్ చదివేటప్పుడు, బెంగుళూరు నుంచి వచ్చిన క్లాస్‌మేటు ఒకడు ఈ ఆల్బంను క్యాసెట్‌లో ఎక్కించి ఇచ్చాడు. నెల తిరక్కముందే మా టేప్‌రికార్డరు మూడో పాట దగ్గర టేపును నమిలేసింది. నలిగిన ముక్కను నాలుగు వేళ్ల వెడల్పున కత్తిరించి పారేసి, రెండు కొసల్నీ సెల్లోటేపుతో అతికించాను. అప్పట్నుంచి నా క్యాసెట్‌లో పాట అక్కడ తడబడి దూకేది. ప్రపంచంలో ఇంకే క్యాసెట్‌లోనూ దూకదు.

అంటే ఈ పాటను ఎవరో నా క్యాసెట్ నుంచే నేర్చుకున్నారు.  పాట అయ్యేలోపలే ఫోన్ తీసి వీడియో తీసుకున్నాను.

హాలు దగ్గర బ్యాండువాళ్లు టీ తాగుతుంటే క్లారినెట్టు అతని దగ్గరకు పోయాను. పేరు హుసేన్ వలి, నలభై ఏళ్లుంటాయి.

"ఏమప్పా, ఆ బాణీ యాడిది?" అన్నాను.

"మా నాయనదన్నా. దస్తగిరి అని, ఆయన కూడా క్లారినెట్టే. సొంతంగా కట్టినాడు. ఇది వాయించకుంటే కర్నూల్లో పెండ్లి అయినట్టే లేదు" అన్నాడు. ఆయన పోయి నాలుగేళ్లయిందట. పెద్ద డోలు మీద ఎర్ర రంగుతో రాయించిన అక్షరాలు చూపించాడు. 'దస్తగిరి బాణీ మా ప్రత్యేకం'. "సినిమా పాటలు ఎవురైనా వాయిస్తారన్నా. మా నాయనదంటూ మిగిలింది ఇదొక్కటే."

నా క్యాసెట్ మాట ఎత్తకుండానే వచ్చేశాను.

ఇంటికొచ్చి వీడియో ముందు పెట్టుకుని కూర్చున్నాను. గ్రూపులో పెడితే రెండువందల పదమూడు మందీ పూనకం వచ్చినట్టు ఊగిపోతారు. ఇన్నేళ్లూ ఎవరూ పట్టించుకోలేదని ఏడ్చిన పాటకు ఒక ఊరు ఊరే ఎగురుతోందని చూపించవచ్చు. కానీ పెట్టిన మరుక్షణం ఇది ఎవరి పాటో బయటపడుతుంది. తిరిగి తిరిగి కర్నూలు కుర్రాళ్ల ఫోన్లకూ చేరుతుంది. దస్తగిరి కాపీ కొట్టాడంటారు. కొడుకు దగ్గర తండ్రిదంటూ మిగిలిన ఆ ఒక్కటీ నా చేత్తోనే పోతుంది. పెట్టకుండా ఉండగలనా అంటే, అదీ నావల్ల కాదు.

మూడు రోజులు నా చిరాకు భరించి స్వర్ణలత తేల్చేసింది. "ముందు పోయి ఆ అబ్బాయికి చెప్పు. పెట్టేదీ మానేదీ అతని ఇష్టం. పాట వాళ్ల నాయనది."

"వాళ్ల నాయనది కాదు, అదే గదా గొడవ" అన్నాను.

"నీది మాత్రం అవునా?" అంది.

ఆదివారం కర్నూలు పోయాను. హుసేన్ వలి ఇల్లు పాతబస్తీలో, పాలిటెక్నిక్ రోజుల్లో మేము అద్దెకున్న మేడకు రెండు సందుల అవతల. అతని తల్లి హుసేనమ్మ వసారాలో మంచం మీద కూర్చుని బ్యాండు కోట్లకు ఊడిన బొత్తాలు కుడుతోంది. నేను ఎక్కువ ఉపోద్ఘాతం చెయ్యలేదు. చేస్తే ధైర్యం చాలేది కాదు. ఫోన్‌లో అసలు పాట పెట్టి హుసేన్ వలి చేతికిచ్చాను.

గిటారు మొదలైన కాసేపటికే అతని ముఖం మారిపోయింది. వేళ్లు మాత్రం మోకాలి మీద క్లారినెట్టు వాయిస్తూనే ఉన్నాయి. తడబడే చోటు వచ్చేసరికి భుజాలు ఎగిరాయి. పాట మాత్రం ఎగరకుండా తిన్నగా సాగిపోయింది.

"ఈడ తప్పిండాది" అన్నాడు.

"తప్పింది నా క్యాసెట్టప్పా" అని జరిగిందంతా చెప్పాను.

అతను పాటను వెనక్కి జరిపి ఆ చోటు మళ్లీ విన్నాడు. "అంటే మా నాయన కట్టలేదు" అన్నాడు చివరికి. "ఇన్నేండ్లు ఊరంతా చెప్పుకుంటి. డోలు మీద గూడా రాయిస్తి." కోపంగా అనలేదు. కోపంగా అని ఉంటే నాకు తేలికగా ఉండేది.

మంచం మీదనుంచి హుసేనమ్మ సూదిని కోటుకు గుచ్చి పక్కన పెట్టింది.

"నేను కట్టినా అని మీ నాయన ఒక్కనాడన్నా చెప్పినాడారా? ఎవురైనా అడిగితే నవ్వుతాండె. నవ్వితే ఔనని మీరే అనుకుంటిరి." తర్వాత నా వైపు తిరిగింది. "రెండు సందుల అవతల మేడ మీద ఒక పిల్లోడు ఉండె నాయనా. పొద్దు వాలేతప్పుడు పెట్టెలో ఈ పాట పెడ్తాండె. మా ఇంటాయప్ప పెండ్లిండ్లు లేని దినాల్లో పోయి ఎదురుగోడ మీద కూచుంటాండె. ఇంటికొచ్చి క్లారినెట్టు మీద యెతుక్కుంటాండె. అన్నం చల్లారిపోతాండాదని నేను ఒకటే తిట్టు."

ఆమె ఇంకా చెబుతూనే ఉంది.

"ఒకనాడు దగ్గరుండి ఒక్కసారి ఇంటానని అడుగుదామని పోయినాడు. నోరు తెరిచేలోపలే ఆ పిల్లోడు కిటికీలోంచి శబ్దం తగ్గించేది లేదు పో అని అరిచినాడంట. నాకు ఒళ్లు మండింది. ఈయన మాత్రం మర్సటి దినం మళ్లా పోయినాడు. పోతే కిటికీ రెక్కలు రెండూ బార్లా తెరిచిండాయంట. పెట్టెను కిటికీలో పెట్టి, శబ్దం పెంచి పెట్టినాడంట. 'నోరు దురుసే గాని మనసు మంచిది హుసేనమ్మా, నా కోసరమే తెరిచినాడు' అని మురిసిపాయె. రెండేండ్లు అదే టైముకు తెరుస్తానే ఉండె. ఆ పిల్లోని పేరు తెలీదు. తెలీకుండానే బతికినన్నాళ్లూ వాడు సల్లగుండాలని దువా చేసినాడు."

నాకు అంతా గుర్తొచ్చింది. కింద నిలబడి చెయ్యెత్తిన మనిషి, నలిగిన తెల్లచొక్కా. ఆ రోజుల్లో రొద రొద అని సందులో ప్రతివాళ్లూ నా మీదికి వచ్చేవాళ్లు. ఇతనూ అందుకే వచ్చాడనుకున్నాను. తగ్గించమంటావా, అయితే ఇంకా విను అని ఆ మర్నాడు కిటికీ బార్లా తెరిచాను. గోడ మీద అతను కనబడినప్పుడల్లా ఇంకో రెండు పాయింట్లు పెంచేవాణ్ణి. నా పాటను మెచ్చేవాళ్ల కోసం ప్రపంచమంతా వెతికాను. అతను నా ఎదురుగోడ మీద రెండేళ్లు కూర్చున్నాడు.

"ఆ పిల్లోడు నువ్వేనా నాయనా?" అంది హుసేనమ్మ.

ఔనన్నాను. ఆమె నా చెయ్యి తీసుకుని కళ్లకద్దుకుంది. అక్కడితో ఊరుకుని ఉండొచ్చు. టీ తాగి, మంచివాడిననిపించుకుని బస్సెక్కి ఉండొచ్చు. ఆ చెయ్యి అలా కళ్ల మీద ఉంటే మాత్రం అది నావల్ల కాలేదు.

"అమ్మా, ఆ కిటికీ నేను మంచి మనసుతో తెరవలేదు" అన్నాను. "గలాటకు వచ్చినాడనుకున్నా. కచ్చతో తెరిచినా. రెండేండ్లూ కచ్చతోనే."

ఆమె చెయ్యి వదిలేసింది. కోటు మళ్లీ ఒళ్లోకి తీసుకుంది గానీ సూది ముట్టుకోలేదు. సందులో ఎవరో బండి స్టార్ట్ చేసుకుని పోయారు. 

"వీడియో పెట్టన్నా" అన్నాడు హుసేన్ వలి చివరికి. "కట్టినాడని వద్దు, విని నేర్చుకున్యాడని రాయి. గోడ మీద కూచుని నేర్చుకున్యాడని రాయి. పేరు దస్తగిరి అని సరిగ్గా రాయి. డోలు మీద అక్షరాలు మాత్రం నేను తుడపను. మా వోళ్లు యెగిరేది మా నాయన వాయించిన దానికి, ఈ ఫోన్లో దానికి కాదు."

"రాస్తా" అన్నాను. "నేను అరిచింది గూడా రాస్తా."

"రాయి" అన్నాడు. వద్దంటాడేమోనని ఒక మూల ఆశపడ్డాను. అనలేదు.

లేచి చెప్పులు వేసుకున్నాక గడప దగ్గర వెనక్కి తిరిగాను. "నా మీద కోపంగా ఉందా అమ్మా?" అని అడిగాను. యాభై రెండేళ్ల మనిషిని, పిల్లాడిలా అడిగాను.

"ఉండాది. ల్యాకుండా యాడికి పోతాది?" అంది హుసేనమ్మ, సూదిలోకి దారం ఎక్కిస్తూ. "ఆయప్ప చేసిన దువాలన్నీ నీకే వచ్చినాయి. ఇప్పుడు వాపసు తెచ్చుకోలేము గదా. ఉంచుకో."