అనుమానం మీద నడిచే ప్లాంటు

పర్యావరణ ఇంజనీరింగులో చేరుతున్నానని బుల్లి చెప్పినప్పుడు అదేమిటో ఇంట్లో ఎవరికీ తెలియలేదు. తెలియదని ఒప్పుకున్నది మాత్రం నాన్న ఒక్కడే. పెద్దమ్మకు అంతా తెలుసు.

"మొక్కలకి నీళ్ళు పోసే చదువు. మేడ మీద తొట్లలో నేను ఏ చదువూ లేకుండానే పోస్తున్నా," అంది.

బుల్లి పట్టించుకోలేదు. మురికినీళ్ళ గురించి అంత ఇష్టంగా చదివినవాళ్ళు ఆ కాలేజీలో మరొకరు లేరు. ఆఖరి సంవత్సరంలో ఉద్యోగాలిచ్చేవాళ్ళు వచ్చారు. వచ్చినవన్నీ కంప్యూటర్ కంపెనీలే.

"మాది నీళ్ళు శుభ్రం చేసే చదువు కదా సార్?" అని ప్లేస్‌మెంట్ ఆఫీసరును అడిగింది.

"అందుకేనమ్మా వాళ్ళొచ్చింది. వాళ్ళ డేటా అంతా మురికిగా ఉందట. నీళ్ళు కడిగేవాళ్ళకి డేటా కడగడం ఎంత పని?"

క్లాసులో సగంమంది డేటా కడగడానికి వెళ్ళిపోయారు. 'నూటికి నూరు శాతం ఉద్యోగాలు' అని కాలేజీ గేటుకు బ్యానరు కట్టారు. బుల్లి ఆ నూటికి బయట మిగిలింది.

చెప్పులరిగేలా తిరిగాక, బట్టలకు రంగులద్దే ఒక ఫ్యాక్టరీలో ఉద్యోగం దొరికింది. గది తలుపు మీద 'పర్యావరణ విభాగం' అని బోర్డుంది. లోపల ఒక కుర్చీ, చీపుర్ల కట్టలు, తిరగని ఫ్యాను ఉన్నాయి. విభాగమంతా తానొక్కతే.

రంగునీళ్ళను శుద్ధిచేసే ప్లాంటును మేనేజరు స్వయంగా చూపించాడు. గొట్టాలకు నీలం రంగు, మెట్లకు పసుపు రంగు, కళకళలాడిపోతోంది. బుల్లి మెట్లెక్కి తొట్టిలోకి తొంగిచూసింది. చుక్క నీరు లేదు. అడుగున ఒక పిల్లి, పిల్లల్ని పెట్టుకుని హాయిగా పడుకుంది. పైన పటారం, లోన లొటారం.

"ఇదెప్పుడు నడుస్తుంది సార్?"

"కాలుష్య మండలి ఇన్‌స్పెక్టర్ వచ్చినప్పుడు."

"మిగతా రోజుల్లో?"

"మిగతా రోజుల్లో ఎవరు చూస్తారమ్మా?"

రంగునీళ్ళు నేరుగా వెనక కాలవలోకి పోతున్నాయి. ఏ రోజు ఏ రంగు అద్దుతున్నారో కాలవను చూసి చెప్పవచ్చు. తనిఖీ రోజున మాత్రం తొట్టిలో మంచినీళ్ళు నింపి, మోటారు తిప్పి, నురగ చూపిస్తారు.

బుల్లికి ఏడుపొచ్చింది. మానేద్దామనుకుంది. మానేస్తే మిగిలేది డేటాయే. రెండు రోజులు ఆలోచించి, మేనేజరుకు అర్థమయ్యే భాషలో చెప్పింది.

"సార్, ఇప్పుడు వచ్చే ఇన్‌స్పెక్టర్ ఈ ఏరియాకి కొత్తాయనట. మన నాటకం కనిపెట్టేస్తే? తొట్టిలో సూక్ష్మజీవులు కనిపిస్తేనే నమ్ముతాడు. అవి పెరగాలంటే కొన్ని వారాలు పడుతుంది."

"వాటికి జీతాలూ అవీ..." అని నసిగాడు మేనేజరు.

"ఏమీ అక్కర్లేదు సార్. మన మురికే వాటికి తిండి."

జీతం అడగని సిబ్బంది అనేసరికి ఆయన ముఖం విప్పారింది. "సరే, నాటకానికైనా రిహార్సల్ ఉండాలిగా. కానియ్."

జీవులున్న బురద కోసం బుల్లి నగరంలోని మురుగునీటి కేంద్రానికి వెళ్ళింది. నాన్న స్కూటరు మీద డబ్బాలు మోశాడు. దారిలో ఇంటి దగ్గర ఆగితే పెద్దమ్మ ముక్కు మూసుకుంది.

"అడుసు తొక్కనేల, కాలు కడగనేల అన్నారు. నువ్వు అడుసు మోసుకొచ్చి మరీ తొక్కుతున్నావేంటే?"

పిల్లి తన సంసారాన్ని పర్యావరణ విభాగంలోకి మార్చింది. మొదటి విడత జీవులు అద్దకం నుంచి వచ్చే వేడి నీళ్ళకు చచ్చాయి. కంపు మేనేజరు గదిదాకా వెళ్ళింది, చీవాట్లు బుల్లిదాకా వచ్చాయి. మళ్ళీ బురద తెచ్చింది. ఈసారి నీళ్ళను చల్లార్చి పంపింది, పటిక వేసి రంగు దింపింది. ఒక ఉదయం గొట్టం చివర గ్లాసు పెట్టి కిటికీ వెలుతురులో చూస్తే, గ్లాసులోంచి అవతలి గోడ కనిపించింది. వెంటనే ఫోను తీసింది.

"నాన్నా, తేరాయి!"

"ఏంటమ్మా?"

"నీళ్ళు!"

"హమ్మయ్య," అన్నాడు నాన్న, సగం అర్థమై.

ఇన్‌స్పెక్టర్ వచ్చాడు. నీళ్ళు చూసి మొహం చిట్లించాడు. "ఇవి మంచినీళ్ళు."

"కాదు సార్, శుద్ధి చేసినవి," అంది బుల్లి.

"నేనెన్ని ఫ్యాక్టరీలు చూశానమ్మా! శుద్ధి చేసిన నీళ్ళు ఎక్కడా ఇంత శుద్ధంగా ఉండవు."

గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు, మేనేజరు మధ్యలో దూరాడు. "ఒట్టు సార్! ఈసారి మాత్రం మంచినీళ్ళు పోయలేదు!"

"ఈసారి మాత్రమా?"

బుల్లి గబుక్కున, "శాంపిల్ తీసుకెళ్ళి పరీక్ష చేయించండి సార్," అంది.

ఇన్‌స్పెక్టర్ జేబులు తడుముకున్నాడు. సీసా తేలేదు. ఇన్నేళ్ళ ఉద్యోగంలో ఆ అవసరమే రాలేదట. బుల్లి తన సీసా కడిగి, నింపి ఇచ్చింది.

పరీక్షలో నీళ్ళు నెగ్గాయి. దాంతో ఇన్‌స్పెక్టర్ అనుమానం రెట్టింపయింది. ఇంత మంచి ఫలితం ఎలా వచ్చిందో తేలేవరకూ ఏ రోజైనా చెప్పకుండా వచ్చి చూస్తామని నోటీసు పంపాడు.

మేనేజరు తల పట్టుకున్నాడు. "అబద్ధం నడిపినన్నాళ్ళూ సర్టిఫికెట్లిచ్చారు. ఒక్కసారి నిజం నడిపితే నోటీసు! ఇప్పుడేం చేద్దామమ్మా?"

"ఇక రోజూ నడపాల్సిందే సార్," అంది బుల్లి, నవ్వు బయటపడకుండా నేల చూస్తూ.

ఆ సాయంత్రం ఇంట్లో సంగతంతా చెప్పింది. నాన్న పగలబడి నవ్వాడు. పెద్దమ్మ నవ్వలేదు.

"ఇంతకీ ఉద్యోగం పర్మనెంటేనా?"

"ఆయనకి అనుమానం ఉన్నన్నాళ్ళూ పర్మనెంటే పెద్దమ్మా."

పెద్దమ్మ దగ్గరికి జరిగింది.

"అయితే ఆయన్ని చచ్చినా నమ్మనివ్వకు," అంది.